కల్వర్టు దగ్గర సారు ఏం చూశారు

సారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో వచ్చింది. మా పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మలు నాలుగు పెట్టారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల సోషల్ పేపర్లు దిద్దుతున్నాను. ఫొటో చూడగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేను అడగాల్సిన మాట ఒకటి మిగిలి ఉండగా ఈ మనిషి ఎట్లా వెళ్లిపోతాడు అనిపించింది. చనిపోయినవాళ్ల మీద కోపం తప్పని నాకూ తెలుసు. కానీ సారు గురించి రాస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే రాయడమే దండగ.

ఆయన పేరు రాయను. ఆయన కూడా మాకు ఎవరి పేర్లూ చెప్పేవారు కాదు. కామారెడ్డిలో మేం చదివిన కాలేజీలో ఆయన తత్వశాస్త్రం చెప్పేవారు. అప్లికేషన్లు ఆలస్యంగా ఇచ్చినవాళ్లకు మిగిలే గ్రూపు అది. మేం పదకొండు మందిమి, పదకొండు మందిమీ ఆలస్యమైనవాళ్లమే. మొదటి రోజు క్లాసులోకి వచ్చి మమ్మల్ని ఒకసారి కలియజూసి, "మంచిదే. తత్వశాస్త్రానికి సరిగ్గ సరిపోయిండ్రు. అది గూడ ఎప్పుడూ లేటే" అన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వాలని మాకు తెలియలేదు.

ఎల్లారెడ్డిలో వాళ్ల ఇల్లు. రోజూ పొద్దున బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో పోయేవారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కా. సోడాబుడ్డి కళ్లద్దాలు. చేతిలో ఒక దస్తీ. ఆ దస్తీతో ఆయన చెమట తుడుచుకోగా నేను చూడలేదు. ఒక్కో వాదం చెప్పాక దాన్ని ఒక్కో మడత పెట్టేవారు. నాలుగో మడతకు అది చిన్న బిస్కెట్ ముక్కంత అయ్యేది. ఆ తరువాత ఎవరైనా సందేహం అడిగితే, "ఇగ మడత పడదు బేటా. రేపు" అని జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు. మేం కూడా తెలివి మీరిపోయాం. పాఠం వద్దనుకున్న రోజు మొదటి పది నిమిషాల్లోనే నాలుగు ప్రశ్నలు అడిగేసేవాళ్లం.

యూరప్‌లో మూడు వందల ఏళ్ల కిందటి పండితుల గురించి ఒక పెద్ద పాఠం ఉండేది. దేవుడు మంచివాడు, ఏదైనా చేయగలవాడు అంటున్నాం కదా, మరి లోకంలో ఇంత చెడు ఎక్కడి నుంచి వచ్చింది? ఇదీ ప్రశ్న. ఆ పండితుల పేర్లు మా నోళ్లు తిరగక నానా అవస్థ పడుతుంటే, సారు పేర్లన్నీ తీసి అవతల పెట్టారు. నెత్తి మీద పెద్ద విగ్గు పెట్టుకున్న జర్మనీ ఆయన విగ్గు సారు. సొంత దేశంలో బతకనివ్వక పరాయి దేశంలో తలదాచుకున్న ఫ్రెంచి ఆయన పరారీ సారు. ఇంకొకాయన చర్చి ఫాదరు, ఎప్పుడూ వాన గురించి రాస్తాడు కాబట్టి వాన ఫాదరు. "అసలు పేర్లు పరీక్షల ముందు రాత్రి చదువుకోండ్రి. మనిషి ఎవరో ముందు తెల్వాలె గద" అనేవారు. ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఆ ముగ్గురూ మా వీధి చివర మనుషుల్లాగే తోస్తారు.

విగ్గు సారు చెప్పేదేమంటే, సృష్టికి ముందు దేవుడి ఎదుట లెక్కలేనన్ని లోకాలు ఉన్నాయట. అన్నింటినీ చూసి, అన్నింటిలోకి మంచిదాన్ని ఏరి, దీన్ని చేశాడట. సారు దీన్ని చీరల దుకాణంలో పెట్టి చెప్పేవారు.

"అన్ని చీరలు ఇప్పించి చూసి, ఒకటి కొంటరు చూడు, గట్ల."

గాంధారి తండా నుంచి వచ్చే నా స్నేహితురాలు లేచింది. వాళ్లు అమ్మను యాడి అనీ, నాన్నను బా అనీ అంటారు. "మా యాడి గట్ల తెచ్చిన చీరకు ఇంటికొచ్చినంక చిరుగు కనవడ్డది సార్."

"చిరుగు లేని చీర ఆ దుకాణంల లేకుండె. ఇది విగ్గు సారు జవాబు." దస్తీ ఒక మడత. "మరి ఆ దుకాణం ఎవరిది? ఇది పరారీ సారు సవాలు." ఇంకో మడత.

పరారీ సారు అంటే మా సారు గొంతు కొంచెం మారేది. ఆ ఫ్రెంచి ఆయన రాతలకు శిక్షిద్దామంటే ఆయన దొరక్క, ఆయన అన్నను పట్టుకుని జైల్లో వేశారట. అన్న అక్కడే చనిపోయాడట. "అన్న సచ్చిపోయినంక గూడ దేవుడు లేడని రాయలే. నా బుద్ధికి ఇది అర్థం గాదు అని రాసిండు, అంతే. అర్థం గాదు అని రాసుడు ఎంత కష్టమో మీకు పరీక్షల తెలుస్తది" అనేవారు. వాన ఫాదరు సంగతి వేరు. దేవుడు ఒక్కొక్క చినుకునూ చేయి పట్టి నడిపించడు, ఒక పద్ధతి పెట్టి వదిలేస్తాడు, అందుకే వాన సముద్రం మీదా కురుస్తుంది, ఇసుక మీదా కురుస్తుంది, విత్తనం వేసినవాడి చేను మీద కురవకుండానూ పోతుంది అన్నది ఆయన మాట. నేను రామారెడ్డి ఊరి దగ్గర రైతుల ఇంట్లో పుట్టినదాన్ని. ఆ ముగ్గురిలో వాన ఫాదరే నాకు నచ్చేవాడు. కనీసం ఆయనకు వాన సంగతి తెలుసు అనిపించేది.

చెడు మూడు రకాలన్నది కూడా విగ్గు సారు లెక్కే. మా సారు దాన్ని కొరత, నొప్పి, పాపం అని మూడు ముక్కల్లో చెప్పేవారు. తండా అమ్మాయి మళ్లీ లేచింది. "మా బా తాగుడు ఏ రకంల వస్తది సార్?" "మూడిట్ల వస్తది బేటా. కూసో" అన్నారు. ఆ రోజు దస్తీ జేబులోంచి తీయనే లేదు.

నోట్సు మాట చెప్పకపోతే ఆయన బొమ్మ పూర్తి కాదు. మాకు పుస్తకాలు ఉండేవి కావు. ఆయన చెప్పేది అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం, అదే మళ్లీ పరీక్షలో రాయడం. మా సీనియర్ల నోట్సు జిరాక్సులు మాకు, మావి మా తరువాతి వాళ్లకు. ఒక ఏడాది విగ్గు సారు సిద్ధాంతం చెబుతున్నారట. ఆయన లెక్కలో ప్రతి జీవీ తలుపులూ కిటికీలూ లేని గది లాంటిది, బయటిది లోపలికి రాదు. సరిగ్గా అప్పుడే జోరున వాన పట్టి జల్లు లోపలికి కొట్టింది. సారు "కిటికీలు మూయుండ్రి" అన్నారు. ఎవరో శ్రద్ధగా అదీ రాసుకున్నారు. ఆ నోట్సు ఎన్ని బ్యాచ్‌లు తిరిగిందో కానీ, మేం కూడా పరీక్షలో "జీవికి కిటికీలు ఉండవు. ఉన్నచో మూయవలెను" అని రాశాం. పదకొండు మందిమీ. సారు ఆ పేపర్లు క్లాసుకు తెచ్చి, కళ్లద్దాలు తీసి, కళ్లవెంట నీళ్లు వచ్చేలా నవ్వారు. మార్కులు మాత్రం కోయలేదు. "ఇది విగ్గు సారుకు గూడ తోచలే" అన్నారు.

మార్కుల విషయంలో ఆయన పిసినారి. పదికి ఆరు దాటి ఎవరికీ వేసి ఎరగరు. ఆ పోయిన నాలుగు ఎక్కడ పోయాయో చెప్పరు. అడిగితే, "అవి నా దగ్గర గూడ లెవ్వు" అనేవారు.

ఆయనకు ఒక ఆట ఉండేది. "ఒకటి మార్చు" ఆట. క్లాసులో ఎవరినో ఒకరిని లేపి, "ఈ లోకంల ఒక్కటి మార్చు. ఒక్కటే. ఏం మారుస్తవ్?" అనేవారు. దోమలు తీసేస్తానంటే దోమలు లేకపోతే కప్పలు ఏం తింటాయో, కప్పలు లేకపోతే చేలల్లో ఏమవుతుందో ఒక్కొక్కటే ఊడదీసుకుంటూ వచ్చి, చివరికి మన ఇంట్లో పొయ్యి ఆర్పేసేవారు. నన్ను లేపిన రోజు నేను వడగండ్లు తీసేస్తానన్నాను. ఆ యాసంగిలో మా వరి మొత్తం వడగండ్లకు రాలిపోయింది. బాపు మూడు రోజులు అన్నం ముట్టలేదు.

"నీళ్లు గడ్డకట్టకూడదంటవ్?"

"మా చేను మీద గడ్డకట్టకూడదంటున్న సార్."

"మీ చేనుకొక పద్ధతి, పక్క చేనుకొక పద్ధతి. మరి దేవుడు ప్రతి చేనుకు గట్టు గట్టుకుంట తిరగాల్నా?"

నేను కూర్చున్నాను. అందరూ చివరికి కూర్చునేవాళ్లే. కానీ నన్ను కూర్చోబెట్టినందుకు ఆయన సంతోషించినట్టు కనిపించలేదు. అదే నాకు అర్థమయ్యేది కాదు. గెలిచిన ప్రతిసారీ ఆయన ముఖం ఓడిపోయినట్టే ఉండేది.

ఆ పాఠంలోనే ఒక భూకంపం వస్తుంది. సముద్రం పక్కన ఒక పట్నం. పండుగ పొద్దున, జనమంతా ప్రార్థనల్లో ఉండగా భూమి కదిలింది. కూలినవి కూలగా, సముద్రం వచ్చి మిగిలినవి తీసుకుపోయింది. ఆ తరువాత యూరప్‌లో విగ్గు సారు మాటను జనం వెక్కిరించడం మొదలుపెట్టారట. "ఆయన అప్పటికే సచ్చిపోయి బతికిపోయిండు" అనేవారు మా సారు. ఆ ఒక్క మాట అని, చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చాయ్ తాగడానికి వెళ్లిపోయేవారు. ప్రతి ఏడాదీ భూకంపం దగ్గరికి వచ్చేసరికి అంతేనట. సీనియర్ల నోట్సులో కూడా అక్కడ సగం పేజీ తెల్లగా ఉండేది.

ఇంతకీ మీరు ఎవరి వైపు సార్ అని ఒకసారి బస్టాండులో అడిగాను. "సోమవారం విగ్గు సారు, మంగళవారం పరారీ సారు, వాన పడ్డనాడు ఫాదరు" అన్నారు. మరి ఆదివారం అంటే, "ఆదివారం పండుకుంట" అన్నారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు రోజుకో మాట ఉండేది కాదు. మా క్లాసు పిల్లవాడి అక్క కాన్పులో చనిపోయింది. వాడు వారం తరువాత వస్తే, ఇంకొకడు ఓదార్చడానికి "మంచోళ్లను దేవుడు జల్ది తీస్కపోతడు రా" అన్నాడు. సారు విన్నారు. ఆయన అరవగా నేను చూసింది ఆ ఒక్కసారే. "నీకు ఎవలు చెప్పిండ్రు? నీకు ఫోన్ జేసిండా? దేవుని దిక్కు వకాలత్ పట్టు, వాదించు, ఓడిపో, ఏమన్న జెయ్. దొంగ సాక్ష్యం మాత్రం చెప్పకు. ఆయనకు నీ అబద్ధం అక్కెర లేదు." ఆ మాట అన్నవాడు అదిరిపోయి నిలబడ్డాడు. అక్క పోయినవాడే లేచి వాడి తరఫున "పోనియ్యుండ్రి సార్" అన్నాడు.

నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మనిషే మా అమ్మకు ఒక మాట చెప్పారు. అది నిజమో కాదో నాకు ఈ రోజుకూ తెలియదు.

రెండేళ్ల కిందటి వానాకాలంలో మా దిక్కు ఆగకుండా రెండు రోజులు కురిసింది. అప్పటికి బాపు లేడు. నేను, అమ్మ, తమ్ముడు కామారెడ్డిలో ఉంటున్నాం. తమ్ముడు ఎల్లారెడ్డిలో ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. దుకాణంలోకి నీళ్లు వస్తున్నాయి, సామాను పైకి ఎక్కించాలని సేటు ఫోన్ చేస్తే, పొద్దున్నే బండి తీశాడు. అమ్మ వద్దంది. నేను "పోనియ్యమ్మా, చిన్నపిల్లగాడా" అన్నాను. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఒక కల్వర్టు దగ్గర నీళ్లు రోడ్డెక్కాయి. బస్సు అక్కడ ఆగిపోయి ఉంది. వాడు బస్సును దాటుకుని నీళ్లలోకి పోయాడు. రెండో రోజు దొరికాడు.

ఆ బస్సులో సారు ఉన్నారు. రిటైరై చాలా ఏళ్లయింది. కామారెడ్డిలో కూతురి ఇంటికి వచ్చి తిరిగి పోతున్నారు. కొట్టుకుపోయింది నా తమ్ముడని తెలిసి ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశారు. "ఎనుక సీట్ల కూసున్న బేటా. కళ్లద్దాల మీద నీళ్లు. కేకలు విన్న. నేనేం చూడలే" అన్నారు. ఆ మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

పదో రోజు ఆయన మా ఇంటికి వచ్చారు. అమ్మ అప్పటికి వేరే మాట మాట్లాడడం మానేసింది. ఎవరు వచ్చినా ఒకటే ప్రశ్న అడిగేది. సారునూ అదే అడిగింది.

"ఎందుకు పోయిండు సారూ నా కొడుకు? ఎందుకు?"

సారు ఆమె ఎదుట నేల మీద కూర్చున్నారు. దస్తీ తీశారు. మడత పెట్టలేదు, చేతిలో నలుపుతూ ఉన్నారు. నేను ఆయన ఏమీ చెప్పరనే అనుకున్నాను. చెప్పకూడదనే కోరుకున్నాను. ఆయన చెప్పారు.

"చెల్లె, ఆ దినం ఒక ఆడమనిషి బస్సు దిగింది. సంకల పిల్ల. ఆమె ఊరు ఆవలి దిక్కే. నీళ్లల్ల కాలు పెట్టబోతున్నది. అంతల మీ పిల్లగాని బండి కొట్టుకపోయింది. అది చూసి ఆమె ఎనుకకు మళ్లింది. మీ పిల్లగాడు ముందుగాల పోకపోతె, ఆ ఇద్దరు పోదురు."

అమ్మ, పది రోజుల్లో మొదటిసారి, నీళ్లు తెమ్మని అడిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది అచ్చం విగ్గు సారు పాఠం. చిన్న నష్టం పెట్టి పెద్ద నష్టం తప్పించడం, చిరుగు లేని చీర దుకాణంలో లేదనడం. మా తమ్ముడు ఎవరి లెక్కకు చిన్న నష్టం? అన్నింటికంటే, చూడలేదన్న మనిషి ఎట్లా చూశాడు? కానీ అమ్మ ఆ పూట అన్నం తింది. మరునాడు తలంటు పోసుకుంది. వచ్చినవాళ్లందరికీ ఆ ఆడమనిషి సంగతి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పిన కొద్దీ ఆమెకు ఊపిరి అందుతున్నట్టుండేది. ఆ కథ పీకేస్తే అమ్మ ఏమవుతుందో నాకు తెలుసు. ఆ కథను నమ్మడమూ నా వల్ల కాలేదు.

ఊరికే ఉండలేక ఆ బస్సు కండక్టరును వెతికి పట్టుకుని అడిగాను. "నలబై మంది అక్కా బస్సుల. అందరు మొత్తుకుంటుండ్రి. కొందరు దిగిండ్రు, కొందరు ఎక్కిండ్రు. ఆ వానల ఎవలు ఎవల్ని చూసిండ్రు?" అన్నాడు. దిగినవాళ్లలో ఆడవాళ్లు ఉన్నారా అంటే ఉండొచ్చన్నాడు. పిల్ల ఉందా అంటే, ఉండొచ్చన్నాడు. లేకపోవచ్చు కూడా అని తనే అన్నాడు.

చివరికి ఆరు నెలల తరువాత, కామారెడ్డి బస్టాండులో సారు దొరికారు. ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నేను నమస్కారం కూడా పెట్టకుండా అడిగేశాను.

"సార్, ఆ ఆడమనిషి నిజంగ ఉన్నదా?"

ఆయన నా ముఖంలోకి చూడలేదు. రోడ్డు వైపు చూస్తూ, "ఒకటి మార్చు" అన్నారు.

"సార్, నేను ఆటలాడతలేను."

"నేను గూడ ఆడతలే బేటా. ఆ ఆడమనిషిని తీసెయ్. తీసేస్తె ఏం మిగుల్తది?"

"నిజం మిగుల్తది సార్."

బస్సు వచ్చింది. జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆయన కడ్డీ పట్టుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగి, "పదికి ఆరు" అన్నారు. అంతే. బస్సు కదిలిపోయింది.

ఆ మాటకు అర్థం ఏమిటో ఎన్నిసార్లు ఆలోచించానో. నా జవాబు సరైనదనా? సరిపోదనా? లేదా అడిగినందుకు ఇచ్చిన మార్కులా? ఆ రోజు మాత్రం నాకు తిట్టినట్టే అనిపించింది. ఇంక ఆయనకు ఫోన్ చేయలేదు. రంజాన్‌కు ఎప్పుడూ వాళ్లింటికి పోయేదాన్ని, ఆ ఏడు పోలేదు. పంతం పట్టుకుని కూర్చున్నాను. ఏడాది దాటకుండానే గ్రూపులో ఫొటో వచ్చింది. నేను చేసింది బాగాలేదు. వెళ్లవలసింది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వాళ్లింటి నుంచి పిలుపు వచ్చింది. అమ్మ నాకంటే ముందు తయారైంది. "ఆ ఆడమనిషి వాళ్ల దిక్కుదే గద. సారు కోసం తప్పకుంట వస్తది" అంది. దారిలో ఆ కల్వర్టు వస్తే ఎప్పటిలాగే కొంగుతో ముఖం కప్పుకుని, దాటిపోయిందని నేను చెప్పాక తీసింది.

ఇల్లంతా జనం. మగవాళ్లు బయట షామియానా కింద, ఆడవాళ్లు లోపలి గదుల్లో. హిందువులం మేమొక్కరమే కాదు, ఆ వీధి వీధంతా వచ్చింది. బగారన్నం, దాల్చా వడ్డిస్తున్నారు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, లోపలికి వచ్చే ప్రతి ఆడమనిషినీ, ఆమె చంకనూ చూస్తోంది. నన్ను మోచేత్తో పొడిచి, "సారు భార్యను అడుగు. ఎవలో చూపెట్టుమను" అంది.

వంటగది వెనకాల ఆమె ఒంటరిగా దొరికింది. అడిగాను.

"ఆ దినం ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలే అమ్మా. కళ్లద్దాలు తుడుసుడే పని. తర్వాత ఒక దినం అన్నడు, ఎవలో ఎనుకకు మళ్లిండ్రు, చీర కొంగు కనవడ్డది అని. ఇంకో దినం, లేదు, ఏం కనవడలే అన్నడు. నేను చూసిన్నా, చూడలేదా అని నన్నే అడుగుతుండె. నాకేం తెలుస్తది? నేను ఇంట్ల ఉంటి."

ఇన్నాళ్లూ నాకు రెండే దారులు కనిపించాయి. ఆయన నిజమన్నా చెప్పారు, అబద్ధమన్నా చెప్పారు. తను ఏం చూశాడో తనకే తెలియని మనిషి ఒకడు మూడో దారిలో నిలబడి ఉన్నాడని నాకు తోచనే లేదు. సారు మీద కోపం పోయింది. దాని స్థానంలో ఏం వచ్చిందో చెప్పలేను. జాలి కాదు.

గదిలోకి తిరిగి వచ్చాను. అమ్మ నావైపు చూస్తోంది. ఆ చూపు ముందు నేను నిలబడలేకపోయాను. లేదు అంటే ఆ గోడ పక్కనే కూలిపోయేలా ఉంది. తెలియదు అనడం ఎంత కష్టమో సారు ఊరికే చెప్పలేదు. గది మూలన ఒకామె కూర్చుని ఒక పిల్లకు బగారన్నం చిన్న ముద్దలు చేసి పెడుతోంది. ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. అంతకుముందు ఎన్నడూ చూసి ఎరగను.

"గామెనే అమ్మా" అన్నాను.

దొంగ సాక్ష్యం వద్దన్న మనిషి ఇంట్లో, ఆయన నలభయ్యో రోజున, నేను చేసిన పని ఇది. ఆపుదామంటే అమ్మ అప్పటికే లేచింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, విస్తర్లన్నీ దాటుకుంటూ వెళ్లి ఆమె ముందు కూర్చుంది. నేను వెనకాలే పరుగెత్తాను.

అమ్మ ఆమె ఎంగిలి చేయి పట్టుకుంది. "బిడ్డా, ఆ వానల, కల్వర్టు కాడ, బస్సు దిగింది నువ్వేనా? నా కొడుకు బండి పోతుంటె చూసి ఎనుకకు మళ్లింది నువ్వేనా?"

ఆమె బిత్తరపోయింది. అమ్మను చూసింది. అమ్మ భుజం మీదుగా నన్ను చూసింది. నేను తల ఊపానో, వేడుకున్నానో, ఏమీ చేయకుండా నిలబడ్డానో నాకు నిజంగా గుర్తు లేదు. గదిలో నలుగురు తినడం ఆపారు.

"ఔ అవ్వ" అంది. "నేనే."

అమ్మ ఆమె చేయి వదల్లేదు. పిల్ల వైపు తిరిగింది. ఆ పిల్ల ఇంకా సరిగా నడవను కూడా నేర్చినట్టు లేదు. అమ్మ ముఖంలో ఏదో అడ్డం పడింది.

"రెండు వానకాలాలు పోయినయ్ గద బిడ్డా. అప్పుడు సంకల ఉన్న పిల్ల ఇప్పుడు గింతనే ఉన్నదా?"

ఆమె తడుముకోలేదు. పిల్ల మూతి తుడిచి, ఎత్తి అమ్మ ఒళ్లో పెట్టింది.

"సంకల గాదవ్వ. అప్పుడు కడుపుల ఉండె."

అమ్మ ఆ పిల్లను ఎత్తుకుని ఎంతసేపు కూర్చుందో. నేను ఆమెను పక్కకు పిలిచి, నిజమేనా అని అడగవచ్చు. ఊరి పేరు అడగవచ్చు. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఆమె నా పక్కనే నిలబడింది కూడా. నేను అడగలేదు. ఆమె కూడా నన్ను ఏమీ అడగలేదు. ముసలామె మీద జాలిపడి అన్నదా, లేక ఆ రోజు నిజంగానే అక్కడ ఉన్నదా? నేను వేలు పెట్టి చూపింది అబద్ధమా, నాకు తెలియకుండానే నిజమా? పరారీ సారైతే ఏమనేవాడో ఊహించగలను. మా సారు ఏమనేవారో మాత్రం ఊహకు అందడం లేదు.

సాయంత్రం బస్సులో కామారెడ్డికి బయలుదేరాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కల్వర్టు దగ్గర పడుతుంటే నేనే ఆమె కొంగు అందుకోబోయాను. అమ్మ నా చేయి పక్కకు తోసింది. రోడ్డు కింద నీళ్లు సన్నగా పారుతున్నాయి. బస్సు దాటేదాకా వాటినే చూసింది.

"మీ సారు మంచోడే గని, ఆ దినం సరిగ్గ చూడలే" అంది. "సంకల అన్నడు. కడుపుల గద."